మసాయీలు ఏ బాయిలోంచి వచ్చారు?

సోషల్ టీచరుగా చేరబోతున్న వారికి మొదట చెప్పవలసిన సంగతి, ఆ ఉద్యోగానికి బడిలో గౌరవం తక్కువని. లెక్కల సారుకూ సైన్సు టీచరుకూ పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయి. పరీక్షలు దగ్గర పడితే మన పీరియడు వాళ్లు అడిగి తీసుకుంటారు. కొన్నాళ్లకు అడగడం కూడా మానేస్తారు. తల్లిదండ్రులు వచ్చి "మావోడు సోషల్ల తక్కువొచ్చినా ఫికర్ లేదు సారూ, అది చదువుకుంటే అదే వస్తది" అని మనల్నే ఓదారుస్తారు. గోదావరిఖనిలో నా ఉద్యోగ జీవితమంతా ఈ మాట వింటూనే గడిచింది. బాధపడటం చాలా త్వరగా మానేశాను. ఎవరూ పట్టించుకోని సబ్జెక్టులో ఉన్నంత స్వేచ్ఛ ఇంకెందులోనూ లేదు.

ఆ స్వేచ్ఛను దేనికి వాడాలన్నది మాత్రమే ఇక్కడ రాస్తాను. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు, జవాబు పత్రాల కట్టలు మీకూ వస్తాయి, వాటి పాఠం అవే చెప్పుకుంటాయి. రాజుల పేర్లూ యుద్ధాలూ పుస్తకంలో ఉన్నాయి. వాటిని మరచిపోవడానికి పిల్లలకు మన సాయం అక్కర్లేదు. మన అసలు పని, ఎవరైనా "ఇది ఇంతే" అన్నప్పుడు "ఎలా తెలిసింది?" అని మర్యాదగా అడగడం నేర్పించడం. "మర్యాదగా" అన్న మాట నేను ఆలస్యంగా చేర్చుకున్నాను. ఎందుకు చేర్చుకున్నానో చెప్పాలంటే మసాయీలనే ఆఫ్రికా పశువుల కాపరుల గురించి, మా బడి నడిపిన కరస్పాండెంటు గురించి, రూతు అనే టీచరు గురించి చెప్పాలి.

సొంతూరు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరో తరగతి పిల్లలను మీ సొంతూరేదని అడిగాను. "ఎనిమిదో ఇంక్లైన్ సార్" అన్నాడొకడు. ఇంకో అమ్మాయి కాలనీ పేరు చెప్పింది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి ఛాతీ విరిచి "మాది రెండో నంబరు బాయి సార్" అన్నాడు. ఇక్కడ బాయి అన్నా ఇంక్లైన్ అన్నా బొగ్గు గనే. తండ్రి ఏ గనిలో దిగితే పిల్లవాడికి అదే ఊరు. అప్పుడు నవ్వాను గాని అందులో నవ్వవలసిందేమీ లేదు. బొగ్గు తవ్వడం మొదలుకాక ముందు ఇక్కడ ఇంత ఊరెక్కడిది? చుట్టుపక్కల పల్లెల నుంచి, వరంగల్ వైపు నుంచి, గోదావరి అవతలి అడవి అంచుల నుంచి, ఉత్తరాది నుంచి, కోస్తా జిల్లాల నుంచి అందరూ పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చాను.

ఆ సంగతి విని మా మొదటి హెడ్మాస్టరు నన్ను గదికి పిలిచారు. "మాష్టారూ, పిల్లల సొంతూరు అడగకుండ్రి. ఊరడిగితే వాడ అడుగుతం, వాడ అడిగితే కులం బయటపడ్తది. తెల్లారి తల్లులొచ్చి నా గదిల కూసుంటరు" అన్నారు. నాకాయన పిరికివాడిలా కనిపించారు. అప్పటికి నేను పేరు చివరి కులం తోక కత్తిరించుకుని, సంస్కరణ సభల్లో పండితులతో వాదించి చప్పట్లు కొట్టించుకుని వచ్చిన ఉడుకు రక్తం. ఇప్పుడు చూస్తే ఆయన మాటలో సగం సరైనదే. నలభైమంది ముందు ఒక పిల్లను నిలబెట్టి నీ పుట్టుక ఎక్కడని అడగడంలో క్రూరత్వం ఉంది. రెండో సగం ఆయనకు పట్టలేదు. బడి ఆ ప్రశ్నకు జవాబు వెతకడం నేర్పకపోతే వీధి తన జవాబు తాను చెప్పేస్తుంది, పిల్లలు దాన్నే నమ్ముతారు.

కాబట్టి నేను ఒక మధ్యదారి పట్టాను. మనుషుల మూలాల గురించి మాట్లాడదాం, కాని దూరపు మనుషుల గురించి. సముద్రాల అవతలి వాళ్ల పూర్వీకులెవరో తేల్చితే ఇక్కడెవరికి రోషం వస్తుంది? నా లెక్క అదీ. మసాయీల విషయంలో అది పూర్తిగా తప్పింది.

రూతు పాఠం

రాష్ట్రం కోసం ఉద్యమం ముదిరిన రోజులవి. నేను అప్పుడు ఒక చిన్న క్రైస్తవ సంఘం నడిపే హైస్కూల్లో సీనియరు సోషల్ టీచర్ని. ఈ నేల ఎవరిది, ఎవరెప్పుడొచ్చారు అన్నది చాయ్ బండి దగ్గర కూడా చర్చే. మా బడి గేటు ముందు చాయ్ అమ్మే యాదగిరి రోజూ అడిగేవాడు.

"సారూ, రాష్ట్రమొస్తే మీరు పోతరా?"

"నువ్వు చాయ్ పోయడం మానేస్తే పోతాను."

"గట్లయితే మీరు పోరు తీయ్."

నేను రాష్ట్రం కావాలన్నవాళ్లలోనే ఉన్నాను. నీళ్లలో, కొలువుల్లో న్యాయం అడగడానికి ముత్తాతల సాక్ష్యం అక్కర్లేదనీ, ఈ రోజు జరుగుతున్న అన్యాయం చాలనీ నా వాదన. ఆ వాదన రెండు వైపుల వాళ్లకూ నచ్చేది కాదు.

రూతు ఆ ఏడాదే చేరింది. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ కూతురు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం నుంచి దిగిపోయాడు, కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సి ఉంది, వెనక ఇద్దరు చెల్లెళ్లు. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. జూన్‌లో పర్మినెంటు చేయాలా, పంపేయాలా అన్నది కరస్పాండెంటు చేతిలో ఉంది.

తొమ్మిదో తరగతి ఆఫ్రికా పాఠంలో ఎర్రబట్ట కట్టుకుని, బల్లెం పట్టుకుని నిలబడ్డ మనిషి బొమ్మ ఒకటి ఉండేది. కింద ఒకే వాక్యం, మసాయీలు పశువులు కాస్తారని. శ్రావణి అనే అమ్మాయి "వీళ్లు ఏడికెల్లి వచ్చిండ్రు టీచర్?" అని అడిగింది. పుస్తకంలో లేదు. రూతు "నాకు తెల్వదు, రేపు చెప్త" అని వచ్చి నన్ను పట్టుకుంది. తెలియదని క్లాసులో ఒప్పుకున్న టీచర్ని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇద్దరం కలిసి నా పాత పుస్తకాలూ, ఇంటర్నెట్ దుకాణమూ తిరగేశాం. ఏటా జరిగే ఎగ్జిబిషన్‌లో ఆ పిల్లల చేత మసాయీల స్టాలు పెట్టించాలని రూతు ఆలోచన.

దొరికింది ఇది. మసాయీలు తమ గురించి తాము రెండు కథలు చెప్పుకుంటారు. ఒకటి, దేవుడు ఆకాశం నుంచి తోలుతాడు వేలాడదీసి లోకంలోని ఆవులన్నిటినీ తమకే దించాడని. ఇంకొకరి మందను తోలుకురావడం దొంగతనం కాదనీ, మనవే తిరిగి తెచ్చుకుంటున్నామనీ దాని అర్థం. ఆకాశం నుంచి పట్టా తెచ్చుకున్న జాతి వాళ్లొక్కరే కాదు, మన దగ్గర ఇంతకన్నా పెద్ద పట్టాలున్నాయి. రెండో కథలో వాళ్ల పెద్దలు నాలుగువైపులా కొండగోడలున్న లోతైన పల్లంలో ఉండేవారు. కరువొచ్చింది. ఒక పక్షి పచ్చగడ్డి పరక నోట కరచుకుని రావడం చూసి, పైన పచ్చిక ఉందని గ్రహించి, పైకి దారి కట్టుకుని ఎక్కారు. సగంమంది ఎక్కేసరికి అది కూలింది. పైకొచ్చినవాళ్లు మసాయీలు, కింద మిగిలినవాళ్లు వేరే జాతులు.

పండితులు కథల కన్నా భాషను ఎక్కువ నమ్మారు. మసాయీల మాటకు దగ్గరి చుట్టాలైన భాషలు నైలు నది ఎగువన, దక్షిణ సూడాన్ వైపు ఉన్నాయి. అటునుంచి మందలతో తరతరాలుగా దక్షిణానికి జరుగుతూ వచ్చారు. దారిలో, ఇథియోపియా వైపు భాషలకు చుట్టమైన మాట మాట్లాడే వేరే కాపరులు ముందే ఉన్నారు. వాళ్లతో పోట్లాడారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, వాళ్ల ఆచారాలు కొన్ని తీసుకున్నారు. చేపలు తినకపోవడం అలా వచ్చిందేనంటారు. వచ్చినవాళ్లూ ఉన్నవాళ్లూ కలిసి మసాయీలయ్యారు. ఎక్కడో పూర్తిగా తయారై దిగిన జాతి కాదు, నడుస్తున్న దారిలో తయారైన జాతి.

ఈ సంగతి చాయ్ బండి దాకా పాకింది. బొమ్మ చూసి యాదగిరి తేల్చేశాడు.

"ఆవులు, చేతుల కర్ర, మీద గొంగడి. వీళ్లు మా యాదవులే సారూ. ద్వారక మునిగిననాడు పడవెక్కి అటు పోయుంటరు."

"మరి కురుమలు వచ్చి మావాళ్లంటే?"

"వాళ్లయి గొర్లు సారూ. ఆవులు చూస్తలేరా బొమ్మల?"

పిల్లలు మసాయీల కథలకు బొమ్మలు గీశారు. శ్రావణి గీసిన బొమ్మ చూసి స్టాఫ్‌రూమంతా పడీ పడీ నవ్వింది. లోతైన గొయ్యి. అందులోంచి మెట్లమీద ఎక్కి వస్తున్న మసాయీలు. ప్రతి ఒక్కడి నెత్తిన టోపీ, టోపీకి లైటు, నడుముకు బ్యాటరీ. పైన పెద్ద చక్రం, చక్రానికి ఇనుప తాడు. ఒక ఆవుకు కూడా లైటు పెట్టింది.

"ఇదేందే శ్రావణీ, మసాయీలు బాయిల పనిచేసిండ్రా?" అంది రూతు.

"లోపలికెల్లి పైకొచ్చిండ్రని మీరే అన్నరు గద టీచర్. ఏ బాయిలకెల్లి వచ్చిండ్రో మీరు చెప్పలె, నేను మా నాయిన బాయి ఏసిన."

"ఆవుకు లైటెందుకే?"

"చీకటిల ఎట్లొస్తది మరి?"

రూతు కూడా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత బొమ్మను చాలాసేపు చూస్తూ కూర్చుని, "సార్, ఈ పిల్ల తప్పు చేసింది నిజమే. గాని ఈ తప్పు బొగ్గుబాయి పిల్ల తప్ప ఇంకొకరు చెయ్యలేరు. దీన్ని కొట్టేయొద్దు, స్టాల్ల పెడదాం" అంది. ఆమె ఎందుకలా అందో నాకు రెండు రోజుల తర్వాత అర్థమైంది.

కరస్పాండెంటు గదిలో

మా కరస్పాండెంటు శామ్యూల్ గారు ఆ బడిని రెండు రేకుల గదులతో మొదలుపెట్టి పైకి తెచ్చిన మనిషి. నేను దేవుణ్ని నమ్మనని తెలిసి ఉద్యోగమిచ్చారు. "మీరు ప్రార్థనల కండ్లు మూసుకోకున్నా మంచిదే, పిల్లలు అల్లరి చెయ్యకుండ చూడుండ్రి" అన్నారు. ఇంతకన్నా పెద్దమనసున్న యజమాని నాకు దొరకలేదు.

ఎగ్జిబిషన్‌కు ముఖ్య అతిథి దేవదానం గారు. కెన్యాలో చాలాకాలం ఇంజనీరుగా చేసి వచ్చి, మా బడికి సైన్సు లాబ్ కట్టించిన దాత. మసాయీలు ఇశ్రాయేలీయుల తప్పిపోయిన గోత్రమని చెప్పే చిన్న పుస్తకం ఒకటి ఆయన సొంత ఖర్చుతో అచ్చువేసి పంచేవారు. ఆ ఊహ ఆయన సొంతం కాదు. వందేళ్ల నాడు అక్కడ కొలువు చేసిన ఒక జర్మన్ సైనికాధికారి, మసాయీ పెద్దలు తనకు మొదటి మనిషి కథా, జలప్రళయం కథా చెప్పారనీ, కాబట్టి వాళ్లు ఇశ్రాయేలు వాళ్లేననీ రాశాడు. తర్వాతి పండితులు ఒప్పుకోలేదు.

శామ్యూల్ గారు రూతునూ నన్నూ పిలిచారు. "రూతమ్మా, స్టాలు మంచిగ చేస్తున్నరంట. పైన పెద్దక్షరాలతోని రాయి: తప్పిపోయిన గోత్రం, మసాయీలు. దేవదానం గారు సంతోషపడ్తరు."

"ఆ మాట గూడ పెడ్త సార్. యాదగిరన్న మాట గూడ పెడుతున్న. ఎవరేమన్నరు, ఎట్ల తెలుసుకున్నరు అని అన్ని పక్కపక్కన. అదొక్కటే నిజమని పెట్టమంటే నాతోని కాదు."

"నీతోని కాకుంటే ఇంకొకరితోని ఐతది." ఆయన గొంతు పెంచలేదు. "జూన్ మాట గూడ జర యాదిలుంచుకో బిడ్డా."

అయినా రూతు శ్రావణి బొమ్మ తీసి బల్లమీద పెట్టింది. శామ్యూల్ గారు చూసి నవ్వారు. "టోపీ లైటు మంచిగేసింది."

"సార్, ఈ పిల్ల గొయ్యి అని విన్నది, ఆమెకు బాయి కనబడ్డది. ఆమెకు తెలిసింది గదే. ఆ జర్మనాయన గూడ మసాయీల కథ విన్నడు, ఆయనకు చిన్నప్పటికెల్లి చదివిన గ్రంథం కనబడ్డది. ఆయన అబద్ధమాడిండని నేను అంటలేను. మన శ్రావణి లెక్కనే విన్నడు."

అక్కడితో ఆగి ఉంటే పని అయిపోయేది. నేను ఆగలేదు. భాషల సాక్ష్యం ఒకటి, ఆచారాల సాక్ష్యం ఒకటి, ఆ అధికారికి తప్ప ఇంకెవరికీ ఆ కథలు అంత సరిగ్గా వినబడకపోవడం ఒకటి, ఇలా వరసగా పేర్చి ఆయన జవాబు చెప్పలేని చోటికి తోసుకుపోయాను. సభైతే చప్పట్లు పడేవి. ఆయన ముఖం మాత్రం తలుపు వేసినట్టు అయిపోయింది. మా హేతువాదులకు ఒక జబ్బుంది. ఎదుటివాడి మాట తప్పని తేలగానే పని పూర్తయిందనుకుంటాం. ఆ మాటను అతను దేనికోసం పట్టుకున్నాడో చూడం.

దేనికోసమో శామ్యూల్ గారే చెప్పారు.

"సారూ, మీరు గుంటూరుల పుట్టిండ్రు. మీ తాత పేరు, ఆయన తాత పేరు మీకు ఎర్కే. నచ్చక తోక కత్తిరించుకున్నరు. కత్తిరించుకునేతందుకు మీకొకటి ఉండె. మా తాత ఊరవతల గుడిసెల ఉండె. వెట్టి చేసిండు, సచ్చిపోయిండు. ఆయన నాయిన పేరేందో మా ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. ఆదివారం వాక్యంల తరాల పేర్లు వరుసగ సదువుతుంటే నాకు ఇప్పటికి గుండెల కలుక్కుమంటది. దేవదానం గారి పుస్తకంల, నల్లటోళ్లు, పసులు కాసుకునేటోళ్లు, వాళ్లకు సుత అంత పెద్ద వంశం ఉన్నదని రాసిండు. అది సదివిననాడు, మాకు సుత ఏడనో ఏదో ఉండే ఉంటదనిపించింది. మీరొచ్చి ఉత్తదే అంటున్నరు. మీకేం పోయింది సారూ?"

పుస్తకాలన్నీ నా వైపే ఉన్నాయి, ఆ ప్రశ్న మాత్రం వాటిలో ఎక్కడా లేదు.

రూతు మెల్లగా మొదలుపెట్టింది. "మా తాతది గూడ ఊరవతలి గుడిసెనే సార్. మీకు తెల్వంది గాదు."

"తెలుసు బిడ్డా."

"ఒక్క మాట అడుగుత, కోపం చేయకుండ్రి. మసాయీలు ఇశ్రాయేలోళ్లు గాదని తేలిందనుకో. వాళ్లు తక్కువోళ్లైతరా?"

"ఎందుకైతరు?"

"మరి మా తాత ఏ గోత్రం గాకుంటే తక్కువోడా?"

శామ్యూల్ గారు బల్లమీది బొమ్మను తన వైపు తిప్పుకుంటుంటే రూతే అందుకుంది.

"పెద్ద కడుపుల పుట్టినోడే పెద్దోడన్నది దొరల మాట సార్. ఆ మాట పట్టుకునే మన తాతలను ఊరవతల ఉంచిండ్రు. ఇయ్యాల మనకొక పెద్ద కడుపు దొరికిందని సంబరపడితే, వాళ్ల మాట నిజమేనని మనమే ఒప్పుకున్నట్టు. నేను పిల్లలకు గది చెప్పలేను. కొలువు పోతే మా ఇంట్ల ఎట్లుంటదో మీకు తెలుసు. అయినా చెప్పలేను."

గంట మోగింది. "క్లాసుకు పోండ్రి" అన్నారు శామ్యూల్ గారు, అంతే.

నేను సభల్లో విన్న ఏ ఉపన్యాసమూ ఆ మాటలకు సాటి రాదు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టకూడదని నేను జీవితమంతా వాదించాను. కాని నేను వాదించినప్పుడు నాకు పోయేదేమీ లేదు. కొత్తగా చేరేవారికి నా సలహా అడిగితే ఇదే చెబుతాను. క్లాసులోగాని, గదిలోగాని ఒక నమ్మకాన్ని కాదనేముందు, అది ఎవరికి ఏ లోటు పూడుస్తోందో కనుక్కోండి. కనుక్కున్నాక కూడా నిజమే చెప్పండి. చెప్పే తీరు మాత్రం తప్పకుండా మారుతుంది.

ఎగ్జిబిషన్ రోజు

మధ్యలో వారం రోజులు శామ్యూల్ గారు ఆ ఊసే ఎత్తలేదు. రూతు తాను అనుకున్నట్టే స్టాలు కట్టించింది. పిల్లలు బజారు నుంచి ఎర్ర గళ్ల దుప్పట్లు తెచ్చి కట్టుకున్నారు. గోడకు నాలుగు చార్టులు వేలాడుతున్నాయి. మసాయీలు తాము చెప్పుకునేది, భాషలు చెప్పేది, జర్మన్ అధికారి చెప్పింది, యాదగిరి చెప్పింది. యాదగిరి తన చార్టు చూసుకోవడానికి చాయ్ బండి వదిలేసి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. రూతు ఉదయం నుంచి అన్నం ముట్టలేదు. క్వార్టరు ఖాళీ చేసే తేదీ దగ్గర పడిందనీ, అద్దె ఇల్లు ఇంకా చూడలేదనీ వాళ్ల చెల్లెలు నాతో చెప్పింది.

దేవదానం గారు వచ్చారు. సన్నగా, పొడవుగా, మెత్తగా మాట్లాడే మనిషి. శామ్యూల్ గారు పక్కన నడుస్తుండగా ఒక్కో స్టాలూ ఓపిగ్గా చూసి మసాయీల దగ్గర ఆగారు. అక్కడి మనుషుల మధ్య బతికి వచ్చారు కదా, పిల్లల దుప్పట్లు చూసి ఆయన కళ్లు మెరిశాయి. తర్వాత చార్టులు చదివారు. మూడోది రెండుసార్లు చదివారు.

"ఇదేంటి శామ్యూల్ గారూ, ఇశ్రాయేలు సంగతి నలుగురి మాటల్లో ఒకటిగా కలిపేశారు? అసలు విషయమే అది కదండీ."

చుట్టూ ఉన్న టీచర్లు చార్టుల వైపు చూడటం మానేసి నేల చూశారు. రూతు చార్టులు చూపించే బెత్తం గోడకు ఆనించి నిలబడింది. నా నోట మాట వచ్చేదే, బలవంతాన ఆపుకున్నాను. ఈ సభ నాది కాదు.

శామ్యూల్ గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

"అయ్యగారూ, నాకు సోషల్ రాదు. ఈమె రూతమ్మ, మా సోషల్ టీచర్. జూన్ నుంచి పర్మినెంటు. మీకేం అడగాలెనో ఆమెను అడుగుండ్రి."

దేవదానం గారు ఒక క్షణం ఆయన్నీ, ఒక క్షణం ఆమెనూ చూశారు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుని, "సరే, చెప్పమ్మా" అన్నారు. ఆ చెప్పమ్మాలో కోపం లేదు, వాదనకు సిద్ధమన్న పట్టుదల మాత్రం ఉంది.

రూతు బెత్తం అందుకుని నైలు నది ఎగువ నుంచి మొదలుపెట్టింది. ఆయన అడ్డు ప్రశ్నలు వేశారు. కొన్నిటికి జవాబు చెప్పింది. ఒకదానికి "అది నాకు తెల్వదు సార్, తెలుసుకొని మీకు చెప్త" అంది. శామ్యూల్ గారు నాలుగడుగులు వెనక్కి వేసి, ఎర్ర దుప్పట్ల పిల్లల వరసలో చేతులు కట్టుకుని నిలబడి, చివరిదాకా విన్నారు.